మూడో లైటు

కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో సుందరి ఆంటీ కారు ఎక్కని తెలుగు స్టూడెంటు ఎవరైనా ఉన్నారంటే, ఆ వారమే విమానం దిగి ఉండాలి. ఎక్కినవాళ్ళకి రెండు తప్పవు. ఒకటి సీటు బెల్టు, రెండు ఇంపాలా పురాణం. బెల్టు ఆంటీ పెట్టిస్తుంది. పురాణం ఆవిడ భర్త వీరరాఘవులు పక్కన కూర్చుని వినిపిస్తారు. బెల్టు దిగేటప్పుడు తీసెయ్యొచ్చు. పురాణం మాత్రం దిగాక కూడా కిటికీలోంచి కాసేపు వినబడుతూనే ఉంటుంది.

ఆవిడ పూర్తి పేరు బాలత్రిపురసుందరి. సొంతూరు మంగళగిరి. వీరరాఘవులుది విజయవాడ. ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తూ, ఎవరో చెబితే అప్లై చేసి కెనడా వచ్చిపడ్డారు. వెనకాలే పసిపిల్ల లక్ష్మిని చంకన వేసుకుని సుందరి వచ్చింది. ఓషావాలో కార్ల ఫ్యాక్టరీ ఉంది. రెండు వేల సంవత్సరంలో అక్కడ షెవ్రొలే వాళ్ళ కొత్త ఇంపాలా లైను మొదలైనప్పుడు ఆయనకు ఉద్యోగం దొరికింది. బండి వెనక ఎర్ర లైట్లు బిగించడం పని. రిటైరయ్యేదాకా అదే పని. సుందరి ఒక స్కూలు వంటగదిలో చేరి, తెల్లపిల్లలకు సూప్ వడ్డిస్తూ ఇంగ్లీషు నేర్చుకుంది. ఆయన రిటైరయ్యాక కాస్త చిన్న ఇల్లు చూసుకుని కేంబ్రిడ్జ్‌కి మారారు. కూతురిది దేశానికి ఆ చివర బర్నబీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారానికోసారి ఫోన్ చేసి, "అమ్మా, దట్ కార్ ఈజ్ ఎ బోట్. జస్ట్ సెల్ ఇట్" అంటుంది. "అలాగేలే, నువ్వు భోంచేశావా?" అంటుంది సుందరి.

వాళ్ళ ఇంపాలా మామూలు కారు కాదు మరి. పొడుగు సంగతి అలా ఉంచండి, ముందు వరసలోనే ముగ్గురు కూర్చోవచ్చు. మధ్యలో అడ్డుగోడ ఉండదు, గేరు కమ్మీ స్టీరింగు పక్కనే ఉంటుంది. వెనక ముగ్గురు, ముందు ముగ్గురు. మంచు కురిసే రోజుల్లో బస్టాపులో ముడుచుకుని నిలబడ్డ పిల్లల్ని చూస్తే సుందరికి కాలు బ్రేకు మీదికి తనంతట తనే వెళ్ళిపోతుంది. కాలేజీకి వెళ్ళేవాడూ, వేర్‌హౌస్ షిఫ్టుకి వెళ్ళేవాడూ, ఇద్దరి మధ్యలో ఇరుక్కున్నవాడూ అందరూ అందులోనే. ఈమధ్య పిల్లలు పుట్టలు పగిలినట్టు వచ్చిపడ్డారు. ఒక్కో బేస్‌మెంటులో ఎంతమంది ఉంటున్నారో ఆ ఇంటి ఓనరుకే తెలియదు. సుందరి వాళ్ళ బేస్‌మెంటులో మాత్రం జగిత్యాల పిల్ల ధరణి, ఇంకో అమ్మాయి, అంతే.

"యాభై ఎనిమిదిలో పుట్టిందమ్మా ఇది" అని మొదలుపెడతారు వీరరాఘవులు. "మొదట్లో సొంత ఇల్లు లేదు. బెల్ ఎయిర్ అనే కారులోనే ఖరీదైన రకం. మరుసటి ఏడాదే వేరు కాపురం పెట్టేసింది. అరవై అయిదులో, ఒక్క ఏడాదిలో, పది లక్షల పైచిలుకు అమ్ముడుపోయింది. వినబడుతోందా వెనక?"

"వినబడుతోంది అంకుల్" అంటాడు ఎదురింటి బేస్‌మెంటులో ఉండే అనంతపురం కుర్రాడు వికాస్, కళ్ళు మూసుకుని.

"డెబ్భైల్లో పెట్రోలు ధర కొండెక్కింది. ఇంత పొడుగు బండి ఎవరికి కావాలి? డెబ్భై ఏడులో చిక్కిపోయింది పాపం. ఎనభై అయిదులో ఆపేశారు. తొంభై నాలుగులో మళ్ళీ లేచింది, మూడేళ్ళు తిరిగి మళ్ళీ పడుకుంది. రెండు వేలలో ఓషావాలో లేచింది చూడు, అప్పుడు కలిశాం మేమిద్దరం."

"మా పెళ్ళి ఏ సంవత్సరమో అడగండి, తడుముకుంటారు" అంటుంది సుందరి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

పురాణానికి ఫలశ్రుతి ఒక్కటే, మూడో లైటు. ఆ రోజుల్లో ఇంపాలా అంటే వెనక ఇటు మూడు, అటు మూడు గుండ్రటి ఎర్ర లైట్లు. చీకట్లో వెనక వచ్చేవాడు అవి చూసి ఇంపాలా అని చెప్పేవాడట. తీరా ఓషావాలో ఆయన చేతికి వచ్చేసరికి ఇటు రెండు, అటు రెండే. "ఆ ఒక్క లైటు దగ్గర ఏం మిగిలిందమ్మా వీళ్ళకి?" అని ప్రతి ట్రిప్పులోనూ అడుగుతారు. ఫ్యాక్టరీ వాళ్ళని అడగాల్సిన ప్రశ్న, హోటల్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లల్ని అడిగితే వాళ్ళు మాత్రం ఏం చెబుతారు?

అంత బండీ ఒకప్పుడు ఆయనే నడిపేవారు. కళ్ళకు నీటి కాసులు వచ్చాయి. ఎడమ కన్ను ముందు పోయింది. కుడి కన్ను చుట్టూరా చీకటి ముసురుకుంటూ, మధ్యలో మాత్రం చూపు మిగిలింది. డాక్టరు రాసి పంపితే లైసెన్సు వెనక్కి తీసుకున్నారు. ఆ రోజు ఆయన తాళం చెవులు గూట్లో పెట్టి, "ఇంక ఓషావా చూసే యోగం లేదు" అన్నారు. పెద్దగా బాధపడుతూ కూడా కాదు, వాన వచ్చేలా ఉంది అన్నట్టు అన్నారు. "ఎందుకు లేదు? నేను తీసుకెళ్తా" అనేసింది సుందరి. అప్పటికి ఆవిడకు సైకిలు కూడా రాదు.

అన్న మాటకు యాభై దాటిన వయసులో డ్రైవింగ్ నేర్చుకుంది. మొదటి రోడ్డు టెస్టు పాసై, ఊళ్ళో రాణిలా తిరగడం మొదలుపెట్టింది. అయితే ఆ లైసెన్సుకి అయిదేళ్ళే ఆయుష్షు. ఆ లోపల హైవే మీద రెండో టెస్టు పాస్ కాకపోతే అది రద్దయిపోతుంది, మళ్ళీ రాత పరీక్ష దగ్గర నుంచి మొదలు. మొదలుపెట్టినవాళ్ళు పక్కన లైసెన్సున్న మనిషి లేకుండా బండి తీయకూడదు. ఆ పక్కనుండే మనిషికేమో కళ్ళు లేవు. అంటే బండి ఇంటి ముందు బొమ్మలా ఉండిపోవడమే.

ఆవిడకు ఓషావాకి తెలిసిన దారి ఒక్కటే, నాలుగొందల ఒకటి హైవే. కానీ అదంటే దడ. ఇవాళ మంచు, రేపు పొగమంచు, ఎల్లుండి శుక్రవారం అంటూ వాయిదాలు వేసింది. ఈలోగా ఓషావాలో ఇంపాలాలు చేయడం ఆపేశారు. కొన్నాళ్ళకే, రెండువేల ఇరవై ఫిబ్రవరిలో, డెట్రాయిట్‌లో ఆఖరి ఇంపాలా తయారై బయటికి వచ్చిందని టీవీలో చెప్పారు. ఆ రోజు వీరరాఘవులు పెరుగన్నం దాకా రాకుండానే కంచం ముందు నుంచి లేచిపోయారు. తర్వాత కరోనా వచ్చి లోకాన్నే ఇంట్లో కూర్చోబెట్టింది.

కరోనా పోయింది, పిల్లలు వచ్చారు. వాళ్ళకు సంగతి తెలిసి, "మేం తీసుకుపోతాం అంకుల్" అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "మా ఆవిడ తీసుకెళ్తానందమ్మా" అనేవారు, ఎంతో నిబ్బరంగా. ఆ నిబ్బరమే సుందరిని రాత్రుళ్ళు నిద్రపోనిచ్చేది కాదు. తిడితే బాగుండేది.

మొదటిసారి హైవే టెస్టు రెండువేల ఇరవై రెండు సెప్టెంబరులో, పక్క ఊరు గ్వెల్ఫ్‌లో. సుందరి స్వభావం ఎలాంటిదంటే, గుమ్మం దగ్గర "ముందు మీరు" అంటుంది, వడ్డన దగ్గర "ముందు మీరు" అంటుంది. నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలిలో అయితే అందర్నీ చేత్తో పంపించి, వెనకవాడు హారన్ కొట్టేదాకా కదలదు. అదే మర్యాద హైవే మీద కూడా చేసింది. ఎక్కే ర్యాంపు చివరికి వచ్చింది. పక్కన లారీలు, కార్లు బాణాల్లా పోతున్నాయి. పాపం ఎవరి తొందర వాళ్ళది, పోనీలే అని బండి పూర్తిగా ఆపి, వాళ్ళకు దారి ఇచ్చింది. వెనక వస్తున్న వ్యాను కీచుమంటూ ఆగింది. ఎగ్జామినరు రెండు చేతులతో ముందున్న డాష్‌బోర్డు పట్టుకున్నాడు. తర్వాత ఆయన ఇంకేమీ చూడకుండా వెనక్కి తిప్పమన్నాడు.

"పోన్లే, మళ్ళీ ఇద్దువు" అన్నారు వీరరాఘవులు. అంతే అన్నారు.

మళ్ళీ ఇవ్వడానికి స్లాటు దొరకాలి కదా. వచ్చిన పిల్లలందరికీ లైసెన్సు కావాలి, టెస్టు తేదీలు తత్కాల్ టికెట్లలా మాయమైపోతున్నాయి. ధరణి తిన్నా కూర్చున్నా ఫోన్ మీద వేలు ఆడిస్తూ, చివరికి ఎవరో క్యాన్సిల్ చేసుకున్న నవంబరు స్లాటు ఒకటి పట్టింది. జనవరిలో లైసెన్సు గడువు తీరిపోతుంది. ఇదే ఆఖరి అవకాశం.

అసలు భయం అది కాదు. ఒక సాయంత్రం వీరరాఘవులు వరండాలోకి వచ్చి, "లైటు వెయ్యవే" అన్నారు. లైటు వెలుగుతూనే ఉంది. సుందరి స్విచ్చి దగ్గరికి వెళ్ళి, ఊరికే టక్కుమనిపించి ఆర్పి మళ్ళీ వేసింది. "ఆఁ, ఇప్పుడు నయం" అన్నారాయన. కాఫీ గ్లాసు అందుకోబోయి పక్కన గాలిని పట్టుకోవడం కూడా చూసింది. అడిగితే "బాగానే కనిపిస్తోందిలే" అంటారు. ఎంత కనిపిస్తోందో ఆయనకీ దేవుడికీ తెలియాలి. ఓషావా గేటు ముందుకి తీసుకెళ్ళి నిలబెట్టేసరికి ఆ కంటిలో ఏమీ మిగలకపోతే? అన్ని వాయిదాలు వేసినందుకు తన్ను తాను తిట్టుకుంటూ, ఆ రాత్రి పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఆ పప్పు తిన్న ధరణి మంచినీళ్ళు తాగి, "ఏమైంది ఆంటీ?" అంది. సుందరి దాచుకోలేదు, అంతా చెప్పేసింది. "వాళ్ళంత జోరుగా పోతుంటే మధ్యలోకి ఎట్లా దూరేది ధరణీ? నాకు చేతకాదు."

ధరణి గ్లాసు కింద పెట్టింది. "ఆంటీ, మీరు కాలేజీకి ఎట్ల పోయేటోళ్ళు?"

"బస్సులో. మంగళగిరి నుంచి గుంటూరు. ఆ బస్సు మా సెంటర్లో ఆగేది కాదు, కాస్త నెమ్మదించేది అంతే."

"మరి ఎట్ల ఎక్కిండ్రు?"

సుందరి ముఖంలోకి ఎక్కడి నుంచో నలభై ఏళ్ళ కిందటి వెలుగు వచ్చింది. "ఎట్లా ఏముంది? ఓణీ నడుముకి దోపి, పుస్తకాలు ఎడం చంకలో పెట్టి, బస్సు పక్కనే పరిగెత్తడం. దాంతో సమానంగా వచ్చాక కమ్మీ పట్టుకుని కాలు పైన వెయ్యడం. మా బ్యాచిలో నేనే ఫస్టు. మగపిల్లలు కూడా నా వెనకే."

"నిలబడి ఎక్కేటోళ్ళు కాదా?"

"నిలబడి, పోయే బస్సు కమ్మీ పట్టుకుంటే చెయ్యి ఊడొస్తుంది, పిచ్చిపిల్లా!"

"మరి ర్యాంపు మీద ఎందుకు నిలబడ్డరు ఆంటీ?"

సుందరి గరిటె కింద పెట్టింది.

"ర్యాంపు గంత పొడుగు ఎందుకు పెట్టిండ్రు? ఉరకనీకే" అంది ధరణి. "వాళ్ళంత స్పీడుకి వచ్చినంక పక్కన ఉన్నోళ్ళు అందరూ నిలబడ్డట్టే ఉంటరు. అప్పుడు కాలు వెయ్యాలె."

డ్రైవింగ్ స్కూలు మాస్టరు ఈ మాటే ఇంగ్లీషులో నాలుగు క్లాసులు చెప్పాడు. అప్పుడు ఎక్కలేదు. ఆదివారం పొద్దున్న రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ధైర్యం కోసం ఫుల్ లైసెన్సున్న పక్కింటాయన్ని బతిమాలి ఎక్కించుకుని, ర్యాంపు మీదికి వెళ్ళింది. ఓణీ దోపుకున్నట్టు కోటు సర్దుకుని కాలు నొక్కింది. ముసలి ఇంపాలా గొంతు సవరించుకుని, ఒక్కసారి ఊపందుకుంది. అంత బలం ఉన్న బండిని ఇన్నాళ్ళూ కూరగాయల సంచిలా మోసుకు తిరిగినందుకు సుందరికి సిగ్గేసింది. ఆ వారమంతా ఎక్కింది, దిగింది, ఎక్కింది.

టెస్టుకి ముందురోజు పిల్లలు బండికి పూజ చేద్దామన్నారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. గుమ్మడికాయ తెచ్చే పని వికాస్‌ది. హాలోవీన్ దయ్యాల పండగ అయిపోయి, కాలిబాట పక్కన ఇళ్ళవాళ్ళు పారేసిన గుమ్మడికాయలు కుప్పలుగా ఉన్నాయి. వాడు ఒకటి తేరగా పట్టుకొచ్చాడు. దానికి కళ్ళున్నాయి, కోరపళ్ళున్నాయి, లోపల కొవ్వొత్తి మసి ఉంది.

"ఒరేయ్ నాన్నా, ఇదెక్కడిదిరా?"

"ఎవరో గుమ్మం ముందర పెట్టుకుని పారేసినారు ఆంటీ. ఈడ కూడా దిష్టి తీస్తారు కదా?"

"ఎవరి దిష్టో తీసిందాన్ని మన బండికి తిప్పుతావా?" అని సుందరి నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూర్చుండిపోయింది. చివరికి కొబ్బరికాయతో సరిపెట్టారు. ధరణి పసుపు, కుంకుమ నీళ్ళలో కలిపి బోనెట్‌కి బొట్లు పెట్టింది. తర్వాత వెనక్కి వెళ్ళి, ఎర్ర లైట్ల పక్కన అటొకటి ఇటొకటి, అరచేయంత గుండ్రటి కుంకుమ బొట్లు పెట్టి, "అంకుల్ బాధ తీరింది, మూడు మూడు" అంది. వీరరాఘవులు లోపల కునుకు తీస్తున్నారు, ఆయనకు చెప్పనే లేదు.

మర్నాడు గ్వెల్ఫ్‌లో ఎగ్జామినరు లైట్లు చూడటానికి వెనక్కి వెళ్ళాడు. అదే మనిషి. బొట్టు దగ్గర ఆగి, వేలితో తాకి, వేలు చూసుకున్నాడు. "ఈజ్ దిస్ ఎ లైట్?"

"నో సర్" అంది సుందరి. "దిస్ ఈజ్ గాడ్."

ఆయన వేలు తుడుచుకున్నాడు. ఎక్కి, బెల్టు ఒకసారి లాగి చూసుకున్నాడు. ర్యాంపు వచ్చింది. సుందరి ఆగలేదు. అద్దం చూసింది, భుజం మీంచి చూసింది, పరిగెత్తింది. పక్కన పాల ట్యాంకరు ఒకటి సమానంగా వచ్చి, నిలబడ్డట్టే కనబడింది. దాని వెనక ఖాళీలోకి కాలు వేసినంత తేలిగ్గా బండి వెళ్ళిపోయింది. ఎగ్జామినరు చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

పాసైన సంగతి చెప్పగానే, టెస్టు సెంటర్లో వీరరాఘవులుతో కాచుకుని కూర్చున్న ధరణి ఎగిరి గంతేసి ఆవిడ మెడ పట్టుకుంది. వీరరాఘవులు "నాకు తెలుసు" అన్నారు. పార్కింగులో ముగ్గురూ ముందు సీట్లోనే కూర్చున్నారు, మధ్యలో ధరణి.

"ఇంటికేనా ఆంటీ?"

"ఇంటికెళ్తే మళ్ళీ భయం పట్టుకుంటుంది. ఓషావాకి."

దారంతా వీరరాఘవులు పురాణం ఎత్తలేదు. సుందరికి అదే గుబులు. టొరంటో మధ్యలో లేన్లు లెక్కలేనన్నిగా విచ్చుకున్నప్పుడు ధరణి ఊపిరి బిగపట్టింది గానీ, ఆయన కిటికీ వైపు ముఖం పెట్టి అలాగే కూర్చున్నారు. చూస్తున్నారో, ఊరికే తిరిగి ఉన్నారో తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

ఓషావాలో మబ్బు పట్టి ఉంది. ఫ్యాక్టరీలో ఇప్పుడు ట్రక్కులు చేస్తున్నారు. గేటుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల ఒక మూతపడ్డ దుకాణం ముందు సుందరి బండి ఆపింది. ఆయన చేయి పట్టుకోనివ్వకుండా దిగారు. కారు ఒంటి మీద చేయి వేసి తడుముకుంటూ వెనక్కి నడిచారు. గేటు వైపు తిరగలేదు. బండి వెనక, అన్నేళ్ళూ లైనులో నిలబడ్డ చోటే, ఎదురుగా నిలబడ్డారు.

"సుందరీ, బ్రేకు తొక్కు."

తొక్కింది. అద్దంలో ఆయన కాస్త వంగి, తల అటూ ఇటూ తిప్పుతూ వెతుక్కుంటున్నట్టు కనిపించారు. ఆలస్యం చేశాను, అనుకుంది సుందరి. కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి స్టీరింగు మీంచి తీయలేదు.

"ఏమేవ్!"

"ఏంటండీ?"

"ఇటుపక్క మూడోది వెలగట్లేదు." ఇంకో రెండడుగులు వేశారు. "అటుపక్కదీ వెలగట్లేదు."

ధరణి ఫక్కున నవ్వింది. "అంకుల్, అవి కుంకుమ బొట్లు! నేను పెట్టిన."

"కుంకుమని కనబడటం లేదా ఏంటమ్మా నాకు? ఒకటి కాస్త వంకర కూడా వచ్చింది" అన్నారు వీరరాఘవులు, జేబురుమాలు తీసి ఆ వంకర సరిచేస్తూ. "పెట్టినవాళ్ళు వైరు కలపొద్దూ? యాభై ఎనిమిదిలో ఏం చేశారంటే..."

పురాణం మొదలైంది. ధరణి దిగి ఆయన పక్కకి వెళ్ళి నిలబడింది. సుందరి దిగలేదు. ఆయన చూడటం అయ్యేదాకా బ్రేకు మీంచి కాలు తీయకుండా అలాగే కూర్చుంది.